దర్శనం మానుకుని లడ్డూకు పరుగు: మాంగా ప్రదర్శనల నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

ఊరూరా తిరిగే, జపాన్‌ బొమ్మల కథలైన మాంగా మూలచిత్రాల ప్రదర్శనలను నడిపే నిర్వాహక సంఘాల పెద్దలకు,

నమస్కారం. నేను తొమ్మిదేళ్లుగా యొకొహామాలో ఉంటున్న తెలుగు మనిషిని. పగలు ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్‌ పరీక్షిస్తాను. మిగిలిన వేళల్లో మీ వెంట తిరుగుతాను. మాట వరసకు అనడం కాదు, నిజంగానే తిరుగుతాను. టోక్యోలో మొదలైన ప్రదర్శన ఒసాకాకు వెళితే ఒసాకాకు, అక్కడి నుంచి క్యూషూకు దిగితే క్యూషూకు. ఇక్కడి అభిమానులు ఈ ప్రయాణాన్ని ‘ఎన్‌సెయ్‌’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం దండయాత్ర. చేతిలో కత్తి బదులు బొమ్మల పుస్తకం వంగకుండా పెట్టుకోవడానికి గట్టి అట్ట ఉంటుంది, అంతే తేడా.

ఈ లేఖలోని విషయాన్ని కుదించి, జపనీస్‌లో రాసి, ప్రదర్శన చివర మీరు పెట్టే అభిప్రాయాల పెట్టెలో ఇప్పటికే వేశాను. ఆ కాగితంలో మీరు ఏ ఊరి నుంచి వచ్చారు, వయసెంత, ప్రదర్శన సంగతి ఎలా తెలిసింది, దుకాణంలో ఎంత ఖర్చు పెట్టారు అని అడిగారు. ఏ బొమ్మ ముందు ఎక్కువసేపు నిలబడ్డారని మాత్రం అడగలేదు. నేను చెప్పదలచుకున్నదంతా ఆ అడగని ప్రశ్నలోనే ఉంది. తెలుగులో మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ ఏడాది సెలవులన్నీ కూడబెట్టుకుని ఈ ప్రదర్శనల కోసం వచ్చే పిల్లలు నాకు తరచుగా ఎదురవుతున్నారు. వాళ్లకూ ఈ గొడవ తెలియాలి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను.

కిందటి శరదృతువులో మీలో ఒకరి ప్రదర్శన పడమటి వైపు ఒక నగరానికి వచ్చింది. పేర్లు రాయను. ఒకరిని నిలదీస్తే మిగిలినవాళ్లు ‘మా సంగతి కాదు’ అని ఊపిరి పీల్చుకుంటారు. అమ్మాయిల పత్రికల్లో దశాబ్దాల పాటు బొమ్మల కథలు రాసిన ఒక రచయిత్రి మూలచిత్రాలవి. రాత్రి బస్సులో పన్నెండు గంటలు కూర్చుని వెళ్లాను. పాదాలు వాచాయి. స్టేషను లాకరులో సంచి పడేసి, ముఖం కడుక్కుని, పది గంటల టికెట్టుకు తొమ్మిదింపావుకే వరసలో నిలబడ్డాను. నా ముందు అరవై డెబ్బై మంది ఉన్నారు. తలుపులు తెరిచారు. ముందున్నవాళ్లు మొదటి గదిలో ఆగలేదు. రెండో గదిలోనూ ఆగలేదు. పరుగెత్తవద్దని సిబ్బంది చెబుతున్నారు కనుక పరుగెత్తలేదు గానీ, రైలు కదిలిపోతుంటే పంచె ఎగ్గట్టిన పెద్దమనుషులు నడిచే నడక ఒకటుంటుంది, ఆ నడక నడిచారు. వాళ్లను చూసి నేనూ నడిచాను.

దానికి కారణం మీకు తెలియనిది కాదు. దుకాణం చివరి గదిలో ఉంది. అక్కడికి ప్రదర్శన గుండానే వెళ్లాలి. ఆ నగరంలో మాత్రమే అమ్మే బ్యాడ్జీలు ముందురోజు మధ్యాహ్నానికే అయిపోయాయని, ఈ ఉదయం మళ్లీ కొన్ని పెడతారని బస్సులో ఉండగానే ఫోనులో చదివాను.

పదకొండు నిమిషాల్లో దుకాణం చేరాను. బ్యాడ్జీలు దొరికాయి. డబ్బు కట్టి, ఇక నెమ్మదిగా బొమ్మలు చూద్దామని వెనక్కి తిరిగితే, ఒక కుర్రవాడు ఎంతో మర్యాదగా నడుం వంచి, ఇటు నుంచి మళ్లీ లోపలికి వెళ్లడానికి వీల్లేదండీ అన్నాడు. తలుపు మీద రాసే ఉంది. టికెట్టు మీదా రాసే ఉంది. అతణ్ణి అనడానికి ఏమీ లేదు. ఇంకో టికెట్టు కొందామంటే ఆ రోజు వేళలన్నీ నిండిపోయాయి. బయటి మెట్ల మీద కూర్చుని కవర్లు చింపి చూసుకున్నాను. ఐదు బ్యాడ్జీలు, అందులో రెండు ఒకటే బొమ్మ.

మూలచిత్రం గురించి మీకు చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా, నేను దాటిపోయింది ఏమిటో చెప్పకపోతే నా ఏడుపు బ్యాడ్జీల కోసం అనుకుంటారు. మాంగాను అచ్చులో వచ్చే కొలత కన్నా పెద్ద కాగితం మీద గీస్తారు. మాటల బుడగల్లో అక్షరాలను విడిగా కూర్చి, కత్తిరించి, జిగురుతో అంటించేవారు. ఏళ్లు గడిచాక ఆ ముక్కలు పసుపెక్కుతాయి, కొన్ని ఊడిపోతాయి. ఊడినచోట రచయిత పెన్సిలుతో రాసుకున్న మాట బయటపడుతుంది. అంచుల్లో లేత నీలం పెన్సిలుతో సహాయకులకు రాసిన సూచనలు ఉంటాయి. ఆ నీలం అచ్చులో పడదు కనుక పాఠకుడికి ఎప్పటికీ కనిపించదు. నీడల కోసం అంటించిన చుక్కల కాగితాన్ని బ్లేడుతో గీకి వెలుగు తెప్పించిన జాడలు ఉంటాయి. దిద్దుబాటుకు వాడిన తెల్లరంగు గట్టులా పైకి లేచి ఉంటుంది. నేను చూడాలని వెళ్లిన పేజీలో ఆ అమ్మాయి చెంప అచ్చు పుస్తకంలో ఖాళీగా ఉంటుంది. కన్నీరు లేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ ఉదయం నడకలో పక్క నుంచి చూసినప్పుడు, దీపం వాలుగా పడి, చెంప మీద తెల్లరంగు గీత ఒకటి మెరిసింది. ఉంది. కన్నీరు గీశారు, అచ్చు మింగేసింది. ఆగి చూడవలసినదాన్ని. ఆగలేదు.

ఈ దేశంలో కూడా ఈ కాగితాలు గోడకెక్కడానికి చాలా కాలం పట్టింది. మాంగా రచయిత తెజుకా ఒసాము 1989లో చనిపోతే, మరుసటి ఏడాది టోక్యో జాతీయ ఆధునిక కళా మ్యూజియం ఆయన ప్రదర్శన పెట్టింది. ఆ తరవాత ఒక మాంగా రచయిత ఒక్కరి కోసమే జాతీయ స్థాయి మ్యూజియం గోడలు ఇచ్చింది 2018లో, టోక్యో రొప్పొంగిలోని జాతీయ కళా కేంద్రంలో అరాకి హిరోహికోకు. మధ్యలో 28 ఏళ్లు. 2008లో మాంగా రచయిత రైకు మకోతో తన రంగుల మూలచిత్రాలు పోగొట్టారని ప్రచురణ సంస్థ మీద కోర్టుకెక్కితే, ఆ కాగితాలకు కళాఖండంగా విలువ కట్టాలా వద్దా అన్న చర్చ జనంలోకి వచ్చింది. అకితా ప్రిఫెక్చర్‌లోని (మన రాష్ట్రం లాంటి విభాగం అది) మసుదా మాంగా మ్యూజియం మూలచిత్రాలనే ప్రధానం చేసుకుని 2019లో కొత్త రూపంలో తెరుచుకుంది. ఇప్పుడక్కడ 4 లక్షలకు పైగా కాగితాలు భద్రంగా ఉన్నాయి. కితకామిలో షిన్‌కాన్‌సెన్‌ బుల్లెట్‌ రైలు దిగి, చిన్న రైలులో కొండల మధ్య అది ఉన్న యొకోతె వరకూ వెళ్లడం ఒక దండయాత్రే, కానీ ఒక్కసారైనా వెళ్లి తీరవలసింది. మా వైపు చూస్తే, చందమామ అట్ట మీద వడ్డాది పాపయ్య రంగులు, లోపల శంకర్ గీసిన విక్రమార్కుడి భుజం మీది శవం చూస్తూ పెరిగినవాళ్లం. ఆ అసలు బొమ్మ ఎంత కొలతలో ఉండేదో, ఎక్కడ దిద్దారో నేను ఒక్కటి కూడా చూసి ఎరగను. గోడ మీది గెంగా, అంటే మూలచిత్రం, నాకు అందుకే అంత అపురూపం. ఆ గోడ ముందు నుంచి నన్ను పరుగు పెట్టించిన ఏర్పాటు మీదే నా ఫిర్యాదు.

మా తిరుమల కొండ మీద కూడా వేళ టికెట్లు ఉంటాయి, వరసలు ఉంటాయి, గంటల తరబడి నిలబడితే దక్కేది కొన్ని క్షణాల దర్శనం. ‘జరగండి జరగండి’ అని ముందుకు నెడతారు. మీ సిబ్బంది ‘ఆగకుండా ముందుకు నడవండి’ అన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, జపాన్‌లో కూడా జరగండేనా అని. కానీ ఒక్క సంగతి: కొండ మీద లడ్డూ అయిపోతుందేమోనని దర్శనం వదులుకుని పరుగెత్తినవాళ్లను నేను చూడలేదు. దర్శనానికి వెళ్లినవాడికి లడ్డూ దొరుకుతుందన్న నమ్మకం ఉంది. మీ దగ్గర ఆ నమ్మకం లేదు. లేకుండా చేసింది మీరే.

దుకాణం వద్దనడం లేదు. మా ఇంట్లో మీ బొమ్మల పుస్తకాలు ఒక అలమారా నిండా ఉన్నాయి. ఊరు మార్చి ఊరికి కాగితాలను తరలించడం, బీమా కట్టడం, చెక్క పెట్టెలు, హాలు అద్దె, ఇవన్నీ టికెట్టు డబ్బుతోనే తేలవని తెలుసు. అమ్మిన ప్రతి వస్తువులో రచయితకు వాటా వెళుతుందనీ తెలుసు, అందుకు సంతోషమే. మూలచిత్రం ముందు నిలబడి వచ్చాక ఏదో ఒకటి చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్లాలనిపించడం సహజం. జాతరకు వెళ్లినవాడు జీళ్లు కొనుక్కోకుండా తిరిగి రాడు. కాని జీళ్ల అంగట్లో ఏ పొట్లంలో ఏముందో చూపించి అమ్ముతారు.

మీ పొట్లాల లెక్క చూద్దాం. పన్నెండు రకాల బ్యాడ్జీలు, మూసిన కవర్లు, అన్నీ సమాన సంఖ్యలో ఉన్నాయనుకుందాం. ఒక్కరే కొనుక్కుంటూ పోతే పన్నెండూ చేరడానికి సగటున 37 కవర్లు కావాలి. ఒక్కొక్కటి 500 యెన్‌లైతే 18,500 యెన్‌లు. నాకు కావలసింది ఆ ఏడుస్తున్న అమ్మాయి ఒక్కతే అనుకున్నా సగటున 12 కవర్లు చింపాలి. మనిషికి ఐదే అని పరిమితి పెట్టి అది న్యాయం అంటున్నారు. ఐదుతో అయ్యేది ఏమీ లేదు కనుక మరో రోజు వస్తారు, మరో ఊరికి వస్తారు. 2012లో ఇక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థ మొబైల్ ఆటల్లో ఇలాంటి ఒక పద్ధతిని చట్టవిరుద్ధమని తేల్చింది. గుడ్డిగా డబ్బు కట్టి రకాలన్నీ జత కలిపితే ఇంకో బహుమతి ఇస్తామనే పద్ధతి అది. మీ కవర్లు ఆ నిషేధం కిందికి రావు, మీరు బహుమతి ఇస్తామనడం లేదు. చట్టం సరే. కాని కవరు చింపేటప్పుడు నా చేయి వణికిన తీరు బొమ్మ మీద ప్రేమతో కాదని నాకు తెలుసు.

విచిత్రమేమిటంటే, ఈ దండయాత్రల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం కూడా ఆ కవర్ల వల్లనే పుట్టింది. హాలు బయట చెట్ల కింద, మెట్ల మీద, అభిమానులు చిన్న చిన్న అట్టలు పట్టుకుని నిలబడతారు. ఒక పక్క ‘ఇస్తాను’ అనే అక్షరం, ఇంకో పక్క ‘కావాలి’ అనే అక్షరం, కింద పాత్రల పేర్లు. మాటలు తక్కువ. బ్యాడ్జీ మీద గీత పడిందేమో ఇద్దరూ తిప్పి చూసుకుంటారు, వంగి దండం పెట్టుకుంటారు, విడిపోతారు. బడి అరుగు మీద గోళీలు మార్చుకున్న రోజులు గుర్తొస్తాయి. ఆ ఉదయం నా రెండు ఒకే బొమ్మల్లో ఒకటి తీసుకుని, ఏడుస్తున్న అమ్మాయిని నా చేతిలో పెట్టింది డెబ్బై ఏళ్లకు దగ్గరలో ఉన్న ఒక పెద్దావిడ. ఆ కథ మొదటిసారి పత్రికలో వచ్చినప్పుడు తాను పన్నెండేళ్ల పిల్లనని చెప్పారు. నేను గదులన్నీ దాటిపోయిన సంగతి చెబితే జాలిపడి, మూడో గదిలో ఎడమ గోడ మీద ఏమేముందో ఒక్కొక్కటీ వర్ణించారు. నా ప్రదర్శన ఆ మెట్ల మీదే జరిగింది. ఇప్పుడు చాలా చోట్ల ‘ఇక్కడ మార్పిడులు నిషేధం’ అని బోర్డులు పెడుతున్నారు. దారికి అడ్డమని అంటున్నారు, నిజమే కావచ్చు. కవర్లు మూసి అమ్మేదీ మీరే, తెరిచి మార్చుకోవద్దనేదీ మీరే. ఒక మూల, నాలుగు బల్లలు వేయించలేరా?

ఇక ‘ఈ ఊరికి మాత్రమే’ అన్న ముద్ర సంగతి. ఊరికో ప్రత్యేకత ఉండటం నాకు ఇష్టమే. మాంగా రచయిత ఇనొఉఎ తకెహికో 2008లో టోక్యోలోని ఉఎనోలో చేసిన ప్రదర్శన తరవాత కుమామొతోకు, ఒసాకాకు, సెందయ్‌కు వెళ్లింది. ఆయన ప్రతి ఊరినీ ఒక కొత్త ముద్రణ అనుకున్నారు. పుస్తకానికి రెండో ముద్రణ, మూడో ముద్రణ అన్నట్టే వాటికి కుమామొతో కూర్పు, ఒసాకా కూర్పు అని పేర్లు పెట్టారు. కుమామొతో ఆయన చదువుకున్న ఊరు కూడా. ఇంకో మాంగా రచయిత ఇసయామ హజిమె ప్రదర్శన 2015లో ఆయన సొంత ప్రిఫెక్చర్‌ ఓయితాకు వెళ్లింది. ఊరికి, బొమ్మకు చుట్టరికం ఉన్నప్పుడు ఎంత దూరమైనా వెళ్లాలనిపిస్తుంది. మీరిప్పుడు చేస్తున్నది అదే బ్యాడ్జీ అంచు మీద ఊరి పేరు మార్చడం. దాని కోసం నాలుగు ఊళ్లూ తిరగమంటున్నారు. మామూలు రైళ్లలో చవకగా తిరగడానికి కొనే సెయ్‌షున్‌ 18 టికెట్టు కూడా 2024 చలికాలం నుంచి వరసగా మూడు రోజులో ఐదు రోజులో వాడితేనే చెల్లుతుంది. ఇదివరకులా శనివారం ఒకటి, పై శనివారం ఒకటి అని విడదీసి వాడుకునే వీలు పోయింది. తక్కువ డబ్బుతో తిరిగే పిల్లలకు ఇది పెద్ద దెబ్బ. మీ బ్యాడ్జీ ధర 500 కాదు, బస్సు చార్జీతో కలిపి చూడండి.

నిజంగా ఊరికీ విడతకూ తేడా ఉండవలసింది మూలచిత్రాల్లో. ఉంటుంది కూడా. రంగు సిరాలు వెలుతురుకు పాలిపోతాయి కనుక దీపాలు 50 లక్స్‌కు మించకుండా పెడతారు, కొన్ని కాగితాలను మధ్యలో దింపి వేరేవి ఎక్కిస్తారు. ఆ మసక వెలుతురు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మరో వందేళ్లకు ఎవరో ఒకరు అదే నీలం చూడాలంటే నేను కళ్లు చికిలించుకోక తప్పదు. కాని ఏ కాగితం ఏ ఊళ్లో, ఏ విడతలో ఉంటుందో ముందుగా చెప్పరేం? దుకాణంలో అమ్మే వస్తువుల జాబితా మాత్రం రంగుల బొమ్మలతో, ధరలతో, కొలతలతో నెల ముందే వస్తుంది. మూలచిత్రాల జాబితా లోపలికి వెళ్లాక, అదీ అన్ని చోట్లా కాదు, ఒక నలుపు తెలుపు కాగితం. మీరు దేన్ని ముఖ్యమనుకుంటున్నారో ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

కాగితాన్ని దింపక తప్పనప్పుడు దాని స్థానంలో ‘గెంగా డాష్‌’ పెట్టవచ్చు. క్యోటో సెయికా విశ్వవిద్యాలయంలో మాంగా రచయిత్రి తకెమియా కెయికో 2001లో మొదలుపెట్టిన పని అది. పెన్సిలు గీతలు, నీలం రాతలు, వయసు మరకలు సైతం రంగు సరిచూసి అచ్చు తీసిన నకళ్లు. నకలు అని పక్కనే రాసి పెడితే ఎవరూ నొచ్చుకోరు.

బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ల కష్టం రెండు ముక్కల్లో చెబుతాను. జపాన్‌ ఫోను నంబరు లేనిదే టికెట్టు ఇవ్వని పద్ధతి వల్ల మా వరంగల్‌ స్నేహితురాలి టికెట్టు నా పేరున కొనవలసి వచ్చింది. తరవాత ఇంటర్నెట్‌లో అమ్మేవి దేశం దాటి పంపరు. అందుకే ఆమె ఉన్న ఒక్క రోజూ దుకాణం వరసలో గడిపింది.

మారుబేరగాళ్ల మాట మీరు ఎలాగూ ఎత్తుతారు. టికెట్ల మారుబేరం మీద 2019 జూన్‌ నుంచి చట్టం అమలులో ఉంది. అది టికెట్లకే, బ్యాడ్జీలకు కాదు. బ్యాడ్జీల మారుబేరానికి మందు మీ చేతిలోనే ఉంది. ప్రదర్శనకు వచ్చినవాళ్ల దగ్గర టికెట్టు నంబరు మీద ఆర్డరు తీసుకుని, లెక్క తేలాక తయారు చేసి, మూడు నెలలకు ఇంటికి పంపండి. మీలో కొందరు ఇప్పటికే చేస్తున్నారు. వాళ్ల ప్రదర్శనల్లో మొదటి గది ముందు జనం ఆగి ఉండటం నా కళ్లతో చూశాను. దొరుకుతుందని తెలిస్తే ఎవరూ పరుగెత్తరు. అది కుదరదంటారా, కనీసం దుకాణం నుంచి వెనక్కి, బొమ్మల దగ్గరకు వెళ్లే తలుపు తెరిచి ఉంచండి. ఒకే రోజు, ఒకే టికెట్టు, చేతి మీద ముద్ర వేసినా చాలు. మా ఊళ్లో సర్కసు వాళ్లు కూడా వేసేవారు.

ఆ ప్రదర్శన చివరి మజిలీకి వచ్చే నెల ఉత్తరాదికి వెళుతోంది. రెండో విడతకు, మధ్యాహ్నం రెండు గంటల వేళకు టికెట్టు తీసుకున్నాను. ఆ వేళకు బ్యాడ్జీలు అయిపోయి ఉంటాయి, తెలిసే తీసుకున్నాను. రాత్రి బస్సు కూడా ఖాయం చేసుకున్నాను. అయితే మూడో గదిలో ఎడమ గోడ మీది ఆ పేజీ, చెంప మీద తెల్లరంగు గీత ఉన్నది, రెండో విడతలో ఉంటుందా, దింపేస్తారా? బస్సు టికెట్టు రద్దు చేసుకోవడానికి ఇంకా పదిహేను రోజుల గడువుంది. దయచేసి ఈలోగా చెప్పగలరు.

ఇట్లు,
యొకొహామా నుంచి ఒక తెలుగు పాఠకురాలు